కాళ్ళకు చోటు

మా పెదనాయన ఎక్కడ కూర్చున్నా పాదాలు ఊరికే ఉండవు. ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. ఆర్.కె.పేటలో, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని మగ్గం తొక్కుతూ బతుకంతా గడిపినవాడు. ఆ కాళ్ళు ఆడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరమూ ఆయన్ని పలకరించేవాళ్ళం కాదు, పోగు తెగుతుందని.

నడుము సహకరించక మగ్గం విప్పేసి, ఇల్లు అమ్మేశాడు. పెద్దమ్మ ఎన్నాళ్ళుగానో సముద్రం పక్కన ఉండాలని ఆశపడేది. పళవేర్కాడులో ఇల్లు చూడటానికి నేనూ వెంట వెళ్ళాను. బ్రోకరు కిటికీ తెరిచి సముద్రం చూపిస్తుంటే పెదనాయన నేల చూస్తున్నాడు.

"ఈడ తవ్వితే ఎంతలో నీళ్ళు పడతాయి?"

"రెండడుగులు చాలయ్యా. నీళ్ళకి కష్టమే లేదు," అన్నాడు బ్రోకరు సంతోషంగా.

పెదనాయన మొహం చిన్నబోయింది. మగ్గం గుంటకు పనికిరాని నేల అది.

"ఇంక నెయ్యనని చెప్పినారు గదా," అంది పెద్దమ్మ.

"నెయ్యను. కాళ్ళు యాడ పెట్టుకునేది?"

అయినా ఆ ఇల్లే కొన్నారు.

కొన్నాళ్ళకు వెళ్తే వాకిట్లో ఎత్తుగా ఒక అరుగు, దాని మధ్యలో కాళ్ళు దించుకునేంత గుంట.

"కిందికి తవ్వేదానికి కాదు గదా, పైకి కట్టమంటిని. మేస్త్రీ నవ్వినాడు," అంది పెద్దమ్మ.

పెదనాయన అందులో కాళ్ళు దించి సముద్రం చూస్తున్నాడు. ముందు మగ్గం లేదు. పాదాలు మాత్రం ఒకటి దిగి ఒకటి లేస్తున్నాయి. పెద్దమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని, అవి ఆగేదాకా వెనకే నిలబడింది.