చికెన్ కన్నా ముందే కృష్ణానది

అశోక్ నగర్ చరిత్రనే మలుపు తిప్పిన ఒక మహోపన్యాసం గాథ ఇది. అంత లేదు. ఒక కోచింగ్ సెంటర్, ఒక హాస్టల్ మెస్, మధ్యలో మేము.

గ్రూప్స్ నోటిఫికేషన్ వస్తుందన్న పుకారు లేచిన ఒక ఎండాకాలం నన్ను డెమో ఇన్‌ఛార్జిగా వేశారు. ముప్పై నిండకుండానే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. శాలువా ఖర్చు ఎవరికీ పడలేదు. డెమో అంటే ఉచిత పాఠం. కొత్త సారు చెబుతారు, నచ్చినవాళ్ళు బ్యాచ్‌లో చేరతారు. ఎవరూ చేరకపోతే సారు ఇంటికి. మైకు ఇవ్వడం, టైము చూడడం నా అధికారాలు.

యాదగిరి సార్ పాలమూరులో కాలేజీ ఉద్యోగం వదిలేసి, చిక్కడపల్లిలో గది కిరాయికి తీసుకుని జాగ్రఫీ చెప్పడానికి వచ్చారు. ఈ బ్యాచ్ దొరక్కపోతే వెనక్కి వెళ్ళినా అక్కడ కుర్చీ లేదు. అందుకని తయారీ భయంకరంగా సాగింది. రంగుల మ్యాపులు, అద్దం ముందు రిహార్సల్. ఎక్కడ నవ్వాలో కూడా రాసుకున్నారు.

"సార్, పన్నెండున్నర లోపల ఆపున్రి. ఆదివారం మెస్‌ల చికెన్ ఉంటది" అన్నాను.

"సబ్జెక్టుల దమ్ముంటే చికెన్ ఏం చేస్తది తమ్మీ?"

ఆదివారం హాలు నిండింది. సార్ కృష్ణను మహాబలేశ్వరం నుంచి బయల్దేరదీశారు. ప్రతి ఉపనదినీ పలకరించారు. నది ఇంకా కర్ణాటకలో ఉండగానే, మెస్‌లో చికెన్ దిగిందని ఫోన్లు గుర్రుమన్నాయి. వెనక వరుస లేచింది, తర్వాత మధ్య వరుస. చివరగా వెళ్ళినవాడు మాత్రం మర్యాదస్తుడు: "క్లాస్ మస్తుంది సార్. జర, ముక్కలు అయిపోతయ్." కృష్ణ తెలంగాణలోకి వచ్చేసరికి స్వాగతం పలకడానికి నేనొక్కడినే మిగిలాను.

డైరెక్టర్ ఇంకొక్క ఆదివారం ఇచ్చారు.

ఆ వారం సార్ అద్దం జోలికి పోలేదు. శనివారం సాయంత్రం చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ తిరిగి, వంట ఎప్పుడు దిగుతుందో అడిగి వచ్చారు. మర్నాడు నదిని సరాసరి తెలంగాణ సరిహద్దు నుంచే మొదలుపెట్టి జూరాల దాకా తెచ్చారు. "వరదొస్తున్నది. గేట్లు ముందే ఎత్తాల్నా, నిండినంక ఎత్తాల్నా? రేపు పొద్దున చెప్త. పోయి తిన్రి" అని మైకు నా చేతిలో పెట్టారు. ఫోన్లు ఇంకా మోగలేదు. హాలంతా చప్పట్లు కొట్టి, బ్యాచ్‌లో చేరే ఫీజు కౌంటర్ వైపు కన్నెత్తి చూడకుండా పరుగెత్తింది. సార్ మొహం చూడలేకపోయాను.

సోమవారం పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద లైను ఉంది. ముందున్నవాడు ఆ మర్యాదస్తుడే. "అన్నా, గేట్లు ఎత్తిన్రా లేదా?" అన్నాడు. బ్యాచ్ నిండింది, సార్ గది ఖాళీ చేయలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే: ఏం చెప్పాలో తెలియడం సగం తయారీ, వినేవాళ్ళు ఎప్పుడు లేవాలో తెలుసుకోవడం మిగతా సగం. ఆదివారం మెస్‌కు ఒంటిగంట తర్వాత వెళ్తే పులుసే మిగులుతుంది.