ఏలూరు బస్సులో నిద్ర

2025, వానాకాలం చివర. మండవల్లి దాటాక చేపల చెరువు గట్టు మీద చంద్రయ్య ఇల్లు. గొంతు క్యాన్సరు, మాట పోయింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబు గుండానే గంజి, మందు పోయాలి. ఏదైనా కావాలంటే చెంచాతో మంచం పట్టె మీద కొట్టి, పలక మీద రాసేవాడు. చూసుకునేది భార్య నాగమణి ఒక్కతే.

నాకు ఐదో తరగతితో చదువు ఆగింది. ఏలూరులో ఒక పాలియేటివ్ కేర్ బృందం, అంటే నయం కాని జబ్బులో రోగికి బాధ తగ్గించేవాళ్ళు, నాకు ఈ పని నేర్పారు. నాది రెస్పైట్ పని. రోగి దగ్గర నేను కూర్చుంటాను, ఇంటివాళ్ళు ఆ పూట సేదదీరుతారు. చంద్రయ్య ఇంటికి నా వంతు బుధవారాలు.

నేను పొదుపు మనిషిని. అగ్గిపుల్లనైనా వృథాగా గీయను. నేను వెళ్ళగానే నాగమణి చెప్పులేసుకుని బయల్దేరేది. ఎక్కడికని అడిగితే "ఇక్కడికేనండీ మామ్మగారూ" అని ఊరుకునేది. చీకటి పడేలోపు వచ్చేసేది, చేతిలో కూరగాయల సంచి కూడా ఉండేది కాదు.

ఒక సాయంత్రం నేను తిరిగొచ్చే బస్సులో కండక్టరు అన్నాడు: "మీరెక్కే చోటే ఒకావిడ బుధవారం బుధవారం ఎక్కుతుందండీ. ఏలూరు వచ్చాక దిగమ్మా అంటే, ఇదే బస్సు వెనక్కెళ్తుంది కదండీ అంటుంది. గవర్నమెంటు ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేసింది ఇందుకేనేమో మామ్మగారూ!"

బస్సులో నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మరుసటి బుధవారం గుమ్మంలోనే ఆపాను. "ఇక్కడ నేను నీ మొగుడికి ట్యూబులో గంజి పోస్తుంటే నువ్వు బస్సులో షికార్లు కొడుతున్నావా? మాసిన దుప్పట్లు గుట్టపడి ఉన్నాయి, కనబడట్లేదా?"

నాగమణి చెప్పులు విడిచి, దుప్పట్లు తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. లోపల చంద్రయ్య చెంచాతో టకటకా కొడుతున్నాడు. పలక చూపించాడు. రెండు వరసలు రాశాడు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవాలి, అంత ఓపిక ఆ కోపంలో లేదు. "నువ్వు ఆవిణ్ణి వెనకేసుకు రాకు" అని తడిగుడ్డతో తుడిచేశాను.

ఆ బుధవారం, ఆ పై బుధవారం నాగమణి గడప దాటలేదు. దుప్పట్లు ఉతికింది, బియ్యం ఏరింది. నా మాటకి ఇల్లు దారిలో పడిందనుకున్నాను.

మూడో బుధవారం ఆమె కుడి చేతికి కట్టు ఉంది.

"గంజి వారుస్తూ కునికానండీ. చెయ్యి కాలింది."

మళ్ళీ చెంచా చప్పుడు. ఈసారి పలక తుడవలేదు, వేలు పెట్టి చదివాను. "నేనే వెళ్ళమన్నాను. మణికి బస్సులోనే నిద్ర పడుతుంది."

నాగమణి తల దించుకుంది. "ఇంట్లో పడుకుంటే ఆయన కదలకపోయినా మెలకువ వచ్చేస్తుందండీ. పక్కింట్లో పడుకుంటే మీ ఆయనకెలా ఉందని లేపుతారు. బస్సులో అయితే దిగలేను కదండీ. కొల్లేరు రాకముందే పట్టేస్తుంది."

నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. "బస్సొచ్చే వేళయింది, బయల్దేరు" అన్నాను.

"మరి దుప్పట్లండీ?"

"దుప్పట్లు ఎక్కడికీ పోవులే. నడువు."

ఆమె వెళ్ళాక చంద్రయ్య పలక తీసుకుని, రాసింది తానే నెమ్మదిగా తుడుచుకున్నాడు.

మరో బుధవారం రాకుండానే పోయాడు.

పెద్దకర్మ నాడు నాగమణి నాకు విస్తరి వేసి పక్కన కూర్చుంది. "ఇప్పుడు ఇంట్లోనే నిద్ర పడుతోందండీ మామ్మగారూ" అని ఏడ్చింది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, బయటికెళ్ళే మనిషిని ఎక్కడికని అడగను, వచ్చాక ఏం చేసుకొచ్చావని అడగను. ఆ పూట వాళ్ళది. ఉతకాల్సినవి ఉంటే నేనే ఉతుకుతాను. ఆయన ఉండగా నాగమణి నిద్రపోవాల్సిన రెండు బుధవారాలు నేను దుప్పట్లపాలు చేశాను. వాటిని మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?