పంటితో తెంపిన దారం

వెళ్ళొచ్చు తల్లీ. గ్రహణం రోజున ఆఫీసుకి వెళ్ళొచ్చా అని నిన్న అడిగావు, నేను చెప్పేలోపే ఫోన్ తెగిపోయింది. ఐదో నెల కడుపుతో ఉన్నా వెళ్ళొచ్చు, కూరలు తరుక్కోవచ్చు, ఏమీ కాదు. నువ్వడిగిన రెండో మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. వంశంలో ఎవరికైనా పుట్టుకతో లోపం ఉందా అని మీ డాక్టరు అడిగిందన్నావు. ఉంది. మీ నాన్న మీసం కింద ఉన్న గీత సైకిల్ మీంచి పడితే వచ్చింది కాదు. నీకూ తమ్ముడికీ అలా అబద్ధం చెప్పింది నేనే.

మీ నాన్న కడుపులో ఉండగా నాకు ఏడో నెలలో గ్రహణం పట్టింది. వాకాడు పక్కన సముద్రం ఒడ్డు ఊరు మాది. గ్రహణం విడిచేదాకా కడుపుతో ఉన్నవాళ్ళు చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి. ఏదీ కోయకూడదు, తుంచకూడదు, కొరకకూడదు. అలా చేస్తే బిడ్డకి కోత పడుతుందని నమ్మకం. మా అత్త కిటికీకి గోనెపట్టా కట్టి, నన్ను లోపల పెట్టి తలుపు బయట కూర్చుంది.

గది మూలలో మీ తాత వల కుప్పగా పడి ఉంది. పదేళ్ళ వయసు నుంచీ వలలు బాగుచేసినదాన్ని. చీకట్లో చెయ్యి చాపితే వేళ్ళకి చిరుగు తగిలింది. ఇక ఆ వేళ్ళు ఊరుకోలేదు. దారం చుట్టిన వెదురు సూది వలలోనే గుచ్చి ఉంది. ఒక ముడి వేశాను, ఇంకో ముడి వేశాను. మిగిలిన కొసని ఎప్పటిలాగే పంటికింద పెట్టి తెంపాను. టక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది, కొరకకూడదని.

"ఏందిమే ఆ చప్పుడు?" అంది అత్త బయటి నుంచి.

"పక్కమీద దొర్లినా అత్తా."

తర్వాత రెండు నెలలూ నా పైపెదవిని తడుముకుంటూ బతికాను. ఎవరికీ చెప్పలేదు. పురుడు పోసిన మంత్రసాని బిడ్డని ఎత్తి చూసి, ఆడో మగో కూడా చెప్పలేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు. పెదవి ముక్కుదాకా చీలి ఉంది. నోట్లో అంగిలి కూడా కలవలేదు.

వాడికి పాలు పీల్చడం రాదు. నిటారుగా కూర్చోబెట్టి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోయాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ముక్కులోంచి వచ్చేది, ఊపిరాడక మొహం నీలమయ్యేది.

"గ్రహణం నాడు ఏం చేసినావో నిజం చెప్పు" అనేది అత్త.

"ఏం చేయలేదత్తా."

"మరి దేవుడు ఊరికే చేస్తాడామే?"

నెల్లూరులో డాక్టరమ్మ, బిడ్డ ఐదు కిలోలు తూగితే పెదవి కుడతానంది. ప్రతివారం మీ తాత చేపల తక్కెడ కడిగి, పాతచీర పరిచి వాడిని తూచేవాడు. ముల్లు కదలని వారం వాడిని దించి, మళ్ళీ తూచేవాడు. ఐదు కిలోలు దాటాక ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, డాక్టరమ్మ ముందు ఏడ్చి దారం సంగతి చెప్పేశాను.

"గ్రహణానికి నీకెన్నో నెల?" అంది.

"ఏడు."

"మూడో నెల నిండేసరికే పెదవీ అంగిలీ రెండు వైపులనుంచి వచ్చి కలిసిపోవాలమ్మా. మీవాడికి కలవలేదు. నువ్వు దారం తెంపేనాటికే అది చీలి ఉంది. నీ తప్పేం లేదు, పో."

బస్సులో మీ తాతకి చెప్పాను.

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా పిచ్చిదానా! నీ తప్పు కాదంటే సంతోషపడాలగానీ, ఆ ఏడుపేంది?"

"మరి ఎవరిది?"

ఆయన టిక్కెట్లు జేబులో పెట్టుకున్నాడు. "వల అల్లేటప్పుడు నీ చేతిలో ముడి జారదా? ఆ దేవుడు ఎన్నెన్ని అల్లతా ఉన్నాడో."

"నా ముడి జారితే ఒక చేప పోద్ది. అంతే."

మొక్కకుండా పడవెక్కని మనిషి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పెదవి కుట్టారు, తర్వాత అంగిలీ కుట్టారు. మాట కొంచెం ముక్కుతో వచ్చినా మీ నాన్న బాగానే పెరిగాడు. నా భయం మాత్రం ఆ బస్సులోనే ఎక్కి కూర్చుంది. నా తప్పు అనుకున్నంతకాలం దేనికి భయపడాలో తెలుసు, దారం నోటిదాకా రానివ్వకపోతే చాలు. ఎవరూ ఏ తప్పూ చేయకముందే బిడ్డకి అలా జరుగుతుందంటే ఎక్కడ జాగ్రత్త పడను? మీ మేనత్త నా కడుపులో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ సరిగా తినలేదు. నువ్వు పుట్టినప్పుడు నీ కళ్ళకంటే ముందు నీ పెదవి చూశాను.

బుధవారం స్కానింగ్‌కి వెళ్ళినప్పుడు మీ నాన్న సంగతి డాక్టరుకి చెప్పు. దాచకు. ఇప్పుడు మందులూ వైద్యాలూ పెరిగాయి, భయం లేదు అని రాద్దామనుకుని కూర్చున్నాను. భయం లేదు అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ బిడ్డ పెదవి ఈపాటికే కలిసిపోయి ఉంటుంది, లేదంటే మధ్యలో ఆగిపోయి ఉంటుంది. నువ్వు ఆఫీసుకి వెళ్ళినా, చీకటి గదిలో పడుకున్నా అది మారదు.

రోజూ పొద్దున దీపం పెట్టి దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను, ఆ బస్సు దిగినప్పటి నుంచీ. ఆ రెండు అంచుల్నీ అంత దగ్గరికి తెచ్చినవాడివి, ఆఖరి ముడి వేయకుండా చెయ్యి ఎందుకు తీసేశావు?