గరాటు పట్టుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు నేను చేసిన ఘనకార్యాల్లో మా తాతయ్య కారుకి గరాటు పట్టడం ఒకటి. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. అవనిగడ్డ దగ్గర మా ఊళ్లో కారున్న ఇల్లు మాదొక్కటే. బెజవాడలో ఎవరో వాడి వదిలేసిన నల్ల కారుని తాతయ్య కొనుక్కొచ్చి, పశువుల పాక పక్కనే దానికో షెడ్డు వేయించాడు. పొద్దున్నే గేదెకి కుడితి పెట్టి, కారుని ఒకసారి తడిమి చూస్తే గాని ఆయన కాఫీ ముట్టేవాడు కాదు. ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా, ఎవర్ని పాము కరిచినా బందరు ఆసుపత్రికి వెళ్లేది అందులోనే. నడిపేది మా పక్కింటి డ్రైవరు మావయ్య. వరసకి మావయ్యేం కాదు, పిలుపుకి మావయ్య. అడిగినప్పుడల్లా హారన్ కొట్టనిచ్చేవాడు కాబట్టి నాకు సొంత మావయ్యల కంటే ఎక్కువ.

ఇక తాతయ్య వైద్యం సంగతి చెప్పాలి. ఆయన దృష్టిలో లోకంలో ఉన్న ప్రతి వస్తువూ అయితే వేడి చేసేది, లేకపోతే చలవ చేసేది. ఆవకాయ వేడి, పెసరపప్పు చలవ. పెట్రోలు మహా వేడి. మురుగు కాలవలోంచి చేలోకి నీళ్లు తోడే ఇంజను ఒకటి మాకుండేది. దాన్ని పెట్రోలుతో స్టార్ట్ చేసి, కాస్త వేడెక్కగానే కిరసనాయిలు మీదకి తిప్పేవారు. సాయంత్రం దాకా అది కిరసనాయిలుతోనే హాయిగా నడిచేది. అది చూసి చూసి, వేడెక్కిన ఇంజనుకి కిరసనాయిలు చలవ చేస్తుందని తాతయ్యకి గట్టి నమ్మకం కుదిరిపోయింది. ఆ ఏడు ఎండలు ముదిరాక, మావయ్య రాకముందే షెడ్డులోకి వెళ్లి, కారు ట్యాంకులో రోజూ ఒక సీసాడు కిరసనాయిలు పొయ్యడం మొదలుపెట్టాడు. గరాటు పట్టేది నేను. "మీ మావయ్యతో అనకే. ఈ డ్రైవర్లకి అన్నీ తమకే తెలుసని, వాదిస్తారు" అన్నాడు. పొదుపు కోసం కాదండోయ్! పిల్లలకి మజ్జిగ పట్టించినంత ప్రేమగా పోసేవాడు. నేనూ అంతే ప్రేమగా గరాటు పట్టుకునేదాన్ని.

నెల తిరిగేసరికి కారు వాలకం మారిపోయింది. వంతెన ఎక్కేటప్పుడు లోపల ఎవరో గుప్పెడు గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు. వెనక నీలంగా పొగ. అన్నిటికంటే వింత ఇంజనాయిలు. అంతకుముందు ఎప్పుడో గాని మూత తియ్యని ఆయిలు డబ్బా ఇప్పుడు వారం తిరక్కుండా ఖాళీ అయిపోతోంది. "బండి ఆయిలు తాగేస్తోందండి" అని మావయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. తాతయ్య వింటేనా? పెట్రోలు తాగిందంటే అర్థం ఉంది గాని, ఆయిలు తాగడమేమిటి? ఆయిలు పోసే కన్నం వేరు, పెట్రోలు పోసే కన్నం వేరు. ఆయిలు తగ్గిందంటే ఎవరో తీసి ఉండాలి. షెడ్డు తాళంచెవి ఒకటి తాతయ్య మొలతాడుకి ఉండేది, రెండోది మావయ్య జేబులో ఉండేది.

ఒకరోజు పొద్దున్నే మా వీధరుగు ముందు పదిమంది చేరారు. ఏమిటా అని జామకాయ కొరుక్కుంటూ వెళ్లాను. మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆయిలు ఎవరికి పోస్తున్నావురా?" అన్నాడు తాతయ్య. అమ్మో! ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు. జామకాయ చేతిలోంచి జారిపోయింది. మా మావయ్య దొంగా? దడి అవతల మావయ్య భార్య, నిండు నెలల మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తాతయ్య దేవుడి గదిలోంచి ఇత్తడి పళ్లెంలో కర్పూరం బిళ్ల తెచ్చి అరుగు మీద పెట్టాడు. తియ్యలేదని ప్రమాణం చేసి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. మా వైపు అదే ఆఖరి మాట. వెనకాడిన మనిషిని ఇక ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు.

మావయ్య కర్పూరం బిళ్ల వైపు చూశాడు. అయినా మాట తొణకలేదు. "ఆర్పమంటే ఆర్పుతానండి బాబుగారూ. కానీ నా చెయ్యి కాలినంత మాత్రాన బండి ఆయిలు తాగడం మానదు కదండీ. ముందు పామర్రు మేస్త్రీకి చూపిద్దాం. నేను తీశానని ఆయనంటే, రేపట్నించి ఈ దివిసీమలో స్టీరింగు ముట్టుకోను."

తాతయ్య వెనక సీట్లో, ఆయన పక్కన నేను. నడిపింది మావయ్యే. చల్లపల్లి దాటాం, కూచిపూడి దాటాం. కారు దగ్గుతూ, ఆగుతూ ఎట్టకేలకు పామర్రు చేరింది. నా ఆలోచనంతా ఒకటే, మావయ్య వెళ్లిపోతే నాకు హారన్ ఎవరు కొట్టనిస్తారు అని. చిన్నపిల్లని, అంతకంటే పెద్ద సంగతులు తట్టలేదు.

మేస్త్రీ ముసలాయన. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంజన్లోంచి ఆయిలు చూసే పుల్ల లాగి, వేళ్లతో రుద్ది, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏం వాసనమ్మా?" అంటే, "మా లాంతరు వాసన" అన్నాను. ఆయన నవ్వలేదు. ప్లగ్గు విప్పితే నల్లగా, జిడ్డుగా ఉంది. అప్పుడు గోడ మీది క్యాలెండర్లోంచి పాత కాయితం చించి, తన సీసాలోని పెట్రోలు ఒక చుక్క, మా ట్యాంకులోంచి తీసింది ఒక చుక్క దాని మీద వేసి ఎండలో పెట్టాడు. కాసేపటికి మొదటి చుక్క జాడ లేకుండా పోయింది. రెండోది అలాగే జిడ్డు మరకై కూర్చుంది.

"ఆయిలు ఎవడూ తియ్యలేదండి" అన్నాడు మేస్త్రీ. "మీ పెట్రోల్లో కిరసనాయిలు కలిసింది. అది పెట్రోల్లా చప్పున మండదు. మండగా మిగిలింది లోపలి గోడల్ని కడుక్కుంటూ కిందికి జారి ఆయిల్లో కలుస్తోంది. ఆయిలు పల్చబడిపోయింది. మసి పట్టి, ఆయిల్ని పైకి రానివ్వకుండా ఆపే రింగులు బిగుసుకుపోయాయి. ఇంక ఆయిలు ఆగేదెక్కడ? పైకెక్కి మండిపోతోంది. ఆ నీలం పొగంతా మీ ఆయిలేనండి."

తాతయ్య చివాల్న లేచాడు. "ఆ బంకువాడు! వాడి సంగతి చెప్తా!" అంటూ కండువా భుజాన వేసుకుని రోడ్డెక్కబోయాడు.

నాకేం అర్థం కాలేదు. బంకువాడెందుకు? "తాతయ్యా, మనమే కదా పోస్తున్నాం! నేను గరాటు పడుతున్నాగా" అన్నాను.

తాతయ్య ఉన్నవాడు ఉన్నట్టే కొయ్యబారిపోయాడు. మావయ్య నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండును. ఏమీ లేదు, నమ్మలేకపోవడం తప్ప. దొంగని వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాం. తీరా చూస్తే దొంగలు వెనక సీట్లో కూర్చుని వచ్చారు. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం వేసింది. తాతయ్య సన్నగా అడిగాడు, "మరి మా చేలో ఇంజను తాగుతోంది కదయ్యా?" అని. "అది ఆ తిండికే పుట్టిందండి. ఇది కాదు" అన్నాడు మేస్త్రీ, వేరే బండి దగ్గరికి వెళ్లిపోతూ.

కారు అక్కడే వదిలేసి బస్సులో వచ్చాం. ఇంటికెళ్లగానే పొద్దున ఉన్న ఆ పదిమందినీ తాతయ్య పేరుపేరునా పిలిపించాడు. ఇత్తడి పళ్లెం ఇంకా అరుగు మీదే ఉంది. క్షమించమంటాడు, మహా అయితే తలొంచుకుంటాడు అనుకున్నాం. ఆయన అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించాడు. "ఆయిలు తగలేసింది నేను. వీడు దొంగ కాదు" అని, అందరూ చూస్తుండగా అరచెయ్యి పెట్టి ఆర్పేశాడు. "బాబుగారూ, వద్దండీ!" అని మావయ్య ఒక్క అంగలో వచ్చాడు గాని, అప్పటికే అయిపోయింది. పుట్టింటికి పెడన వెళ్లిపోదామని మూట కట్టుకున్న అత్త, ఆ మూట దడి దగ్గర పడేసి, పెరట్లోంచి కలబంద కోసుకొచ్చింది. తాతయ్య అరచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని గుజ్జు రాస్తూ ఏడ్చింది. తాతయ్య కూడా ఏడ్చాడు. నన్ను మాత్రం ఒక్క మాట అన్లేదు. ఆ మచ్చ ఆయన పోయేదాకా ఉంది.

ఇప్పుడు ఆయన వయసు నాకొచ్చింది. మొన్న నా గాజుల జత కనబడలేదు. ఇంట్లో పనిచేసే అమ్మాయి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పిలవబోయాను కూడా. అంతలో ఆ రేకు గరాటు అరచేతికి చల్లగా తగిలినట్టయింది. నోరు మూసుకుని, ముందు నా పెట్టె నేనే వెతుక్కోవడం మొదలుపెట్టాను.