ఆత్మకూరులో వేయించుకున్న క్లిప్పులు

సుధారాణి టీచరు పెదవులు కలిసేవి కావు. పై వరస పళ్ళు ముందుకు పొడుచుకొచ్చి కింది పెదవి మీద ఆనుకుని ఉండేవి. ఉదయగిరిలో ఆమె పనిచేసే బడిలో చేరిన పిల్లలకు ఆమె అసలు పేరు కంటే ముందు ఎత్తుపళ్ళ టీచరన్న పేరే తెలిసేది. ఆ మాట చెవిన పడినా ఆమె పట్టించుకునేది కాదు. చిన్నప్పటి నుంచీ వినీ వినీ అలవాటైపోయింది.

అసలు బాధ ముప్పై దాటాక, రెండో కాన్పు తర్వాత మొదలైంది. చిగుళ్ళు జారి పళ్ళ మధ్య సందులు పడ్డాయి. ముందు పళ్ళు ఇంకా ముందుకు వచ్చాయి. నిద్రలో కింది పెదవి వాటి కింద పడి నలిగి, తెల్లవారేసరికి పుండయ్యేది. కూరలో కారం తగిలితే కళ్ళ నీళ్ళు తిరిగేవి. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె గొంతు కోసమే ముందు వరసల్లో కూర్చునే ముసలమ్మలు ఉండేవాళ్ళు. ఆ పుండుతో పాడుతుంటే మాట మాటకూ పెదవి మండేది.

"పెద్దోళ్ళకి గూడా క్లిప్పులు వేస్తారంట సుధా," అని బడిలో ఆమెకంటే సీనియర్ టీచరు శీనమ్మ చెప్పింది. "నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఉండాది. అందరు పళ్ళ డాక్టర్ల మాదిరి కాదు. పళ్ళు వరసకి తెచ్చేది ఒక్కటే ప్రత్యేకంగా చదివినామె. మా చెల్లెలి కూతురికి చేసింది. పోదాం పద, నేను తోడొస్తా."

1995 వేసవి సెలవుల్లో ఇద్దరూ నెల్లూరు వెళ్ళారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నవ్వు లేదు, కుశలప్రశ్నలు లేవు. నోరు తెరిపించి చాలాసేపు చూసింది. ఎక్స్‌రే తీయించింది. సన్నటి పుల్లతో చిగుళ్ళు గుచ్చి చూస్తే నోరంతా రక్తమైంది.

"ఇప్పుడు క్లిప్పులు వేయను," అంది చేతులు కడుక్కుంటూ. "మీకు చిగుళ్ళ జబ్బు ఉంది. పళ్ళను పట్టుకుని ఉండే ఎముక అరిగిపోయింది. ముందు దానికి వైద్యం జరగాలి."

"ఎన్నాళ్ళు పడతాది మేడం?"

"చిగుళ్ళకే ఆరు నెలలు పట్టొచ్చు. అప్పుడు మళ్ళీ ఎక్స్‌రే చూసి, క్లిప్పులు వేయొచ్చో లేదో చెప్తాను. వేస్తే రెండేళ్ళు దాటుతుంది. చిన్నపిల్లలకు లాగినట్టు మీకు లాగకూడదు."

"బాగవుతాయి గదా?"

"మాట ఇవ్వలేను," అని డాక్టరమ్మ బయట కూర్చున్న తర్వాతి మనిషిని పిలిపించింది.

బస్సులో సుధారాణి ముఖం మాడ్చుకుని కూర్చుంది. డాక్టరమ్మ మనసు విప్పి ఒక్క మంచి మాట చెప్పలేదే అని ఆమె బాధ. రాత్రి భోజనాల దగ్గర భర్త సురేంద్రబాబుకు జరిగింది చెప్పింది. అతను ఆత్మకూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాడు.

"వచ్చిన గిరాకీని ఎవరన్నా పొమ్మంటారా? చేత కాక చెప్పిన మాట అది," అన్నాడు. "మన ప్రసాద్ ఉండాడు గదా ఆత్మకూరులో. వాడికి చూపిద్దాం. మనవాడు, మోసం చెయ్యడు."

పెంచలప్రసాద్ బెంగళూరులో పళ్ళ డాక్టరు చదువు ముగించి వచ్చి ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఆసుపత్రి పెట్టి అప్పటికి ఏడాదయి ఉంటుంది. వాళ్ళ నాయన ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్న మనిషి. ఆఫీసు వదిలాక బస్సు వచ్చేదాకా సురేంద్రబాబు ప్రసాద్ ఆసుపత్రిలోనే కూర్చునేవాడు. అక్కడ ఫ్యాను ఉంది, పేపరు ఉంది, టీ వస్తుంది.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళేసరికి ప్రసాద్ ఎదురొచ్చి పలకరించాడు. "రా వదినా, రా. పిల్లోళ్ళు బాగుండారా?" అని కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు. నోట్లోకి టార్చిలైటు వేసి కాసేపు చూశాడు.

"దీనికి నెల్లూరు దాకా పొయ్యేది ఏంది? ఆర్నెల్లలో ముత్యాల్లాగా చేసిస్తాను."

"చిగుళ్ళ జబ్బు ఉండాదంట, ప్రసాద్ గారూ. ఎముక అరిగిందని చెప్పింది ఆమె."

"అట్టనే భయపెడతారు వదినా. చిగుళ్ళలో రక్తం రానోళ్ళు ఎవరు చెప్పు? పళ్ళు వరసకొస్తే చిగుళ్ళు వాటంతట అవే బాగవుతాయి."

సుధారాణి అమాయకురాలేం కాదు. "మీరు ఇంతకుముందు పెద్దోళ్ళకి చేసినారా?" అని అడిగింది.

"చానామందికి చేసినాను."

"ఎవరన్నా ఒకరిని చూపిస్తారా? మాట్లాడతాను."

ప్రసాద్ నవ్వాడు. "చదువుకునేటప్పుడు చేసినాను వదినా. వాళ్ళంతా బెంగళూరోళ్ళు. ఫోన్ చేసి పిలిపించమంటావా?"

సురేంద్రబాబు కూడా నవ్వాడు. ఆ ఇద్దరి నవ్వుల మధ్య ఇంకో ప్రశ్న అడగడానికి ఆమెకు సిగ్గేసింది. ఎక్స్‌రే లేకుండానే తేదీ ఖాయమైంది.

శీనమ్మ ఆ సంగతి విని, "ఇంకోసారి ఆలోచించుకోవే, ఆమె ఊరికే చెప్పి ఉండదు," అంది. సుధారాణికి కోపం వచ్చింది. "ఈయనకు తెలిసినాయన అక్కా. మనకు చెడు చేస్తాడా?" అంది.

ముందు పళ్ళు వెనక్కి జరగడానికి చోటు కోసం ప్రసాద్ పై వరసలో చెరో పక్క ఒక పన్ను పీకాడు. పళ్ళకు క్లిప్పులు అంటించి తీగ కట్టాడు. బడిలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. పెళ్ళై పిల్లలు పుట్టాక ఈ సోకులేందని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాటుగా అనుకున్నారు. తల్లి లిదియమ్మ మొహం మీదే అంది, "దేవుడిచ్చిన నోటికి తీగలు కట్టించుకున్నావేందే?"

ఆమె దేన్నీ లెక్కచేయలేదు. ఎందుకంటే పళ్ళు నిజంగానే వెనక్కి వస్తున్నాయి. బిగించిన ప్రతిసారీ తల బద్దలయ్యేంత నొప్పి. ఒకటి రెండు రోజులు గంజి తప్ప మరేదీ దిగేది కాదు. కానీ క్రిస్మస్ ముందర ఒకరోజు పొద్దున్నే అద్దం ముందు జడ వేసుకుంటుంటే, పెదవులు వాటంతట అవే కలిశాయి. ఆమె జడ వదిలేసి మళ్ళీ విడదీసి, మళ్ళీ కలిపి చూసుకుంది. భర్తను పిలిచి చూపించింది. ఆ పండగ రోజు చర్చిలో ఆమె ఎంత హాయిగా పాడిందో! పాట అయ్యాక ముసలమ్మలు ఆమె గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు.

ఆ సంతోషం సంక్రాంతి సెలవుల దాకా కూడా నిలవలేదు. ముందు పళ్ళు కదలడం మొదలైంది. నాలుకతో తాకితే ఊగేవి. చిగుళ్ళ నుంచి చీము వచ్చేది. తన నోటి వాసన తనకే తెలిసి, పిల్లలకు దగ్గరగా వంగి పలకలు దిద్దడం మానేసింది.

"కదలకపోతే ఎట్ట జరుగుతాయి వదినా? అది మామూలే," అన్నాడు ప్రసాద్, తీగ ఇంకో మెలిక బిగిస్తూ.

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. నొప్పి మాత్రం వేరే సంగతి చెప్తూనే ఉంది. అయినా ఆమె డాక్టరు మాటే నమ్మింది.

ఫిబ్రవరిలో ఒకరోజు నాలుగో తరగతి పిల్లలకు పాఠం చదివి వినిపిస్తోంది. ఒక వాక్యం మధ్యలో నోట్లో ఏదో తెగినట్టయింది. ముందు పన్ను ఒకటి చిగురు నుంచి ఊడి, తీగకు వేలాడింది. ఎదుట కూర్చున్న ఆడపిల్ల ఒకతె కెవ్వున అరిచింది. మిగతా పిల్లలు ఎవరూ నవ్వలేదు. ఎప్పుడూ వెక్కిరించే పిల్లలు ఆరోజు నవ్వకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది. అట్నుంచి అటే ఆత్మకూరు బస్సెక్కింది.

ప్రసాద్ చూశాడు. ఈసారి వదినా అనలేదు.

"మీరు సరిగా బ్రష్ చేసినట్టు లేదు. చనక్కాయలు గట్రా గట్టివి తిన్నారా?"

"మీరు వద్దన్నదేదీ తినలా. చీము వస్తుందని ఎన్నిసార్లు చెప్పినాను మీకు?"

"చిగుళ్ళ జబ్బు ముందే ఉండాది గదా మీకు. దానికి నేనేం చేస్తాను?"

జబ్బుందని సుధారాణి చెప్పినప్పుడు కొట్టిపారేసిన మనిషి ఇతనే. భర్త వైపు చూసింది. కబురందుకుని ఆఫీసు నుంచి వచ్చిన సురేంద్రబాబు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతను కిందకి చూస్తూ, "సరేలే, ఇంటికి పోదాం రా," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె నిలదీసింది. "ఒక్క మాట అడగలా మీరు. ఆయన నా మీదికే తోసేస్తుంటే వింటా నిలబడినారు."

"రచ్చ చెయ్యమంటావా ఇప్పుడు?"

"చెయ్యండి. పన్ను ఊడింది నాది. మీకెందుకంత భయం?"

అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట తనను ఎక్కడో దూరాన వేయబోతుంటే, ఆత్మకూరులోనే ఉంచేట్టు మాట సాయం చేసింది ప్రసాద్ వాళ్ళ నాయన. మళ్ళీ బదిలీల కాలం దగ్గర పడుతోంది. "వాళ్ళతో పెట్టుకుంటే మనం ఇక్కడ ఉండలేం సుధా. జరిగిందేదో జరిగింది."

మనవాడు అన్న మాటకు అర్థం ఆమెకు ఆ రాత్రి తెలిసింది. ప్రసాద్ తమవాడు కాదు. తామే ప్రసాద్ వాళ్ళ మనుషులు. ఆమె వైద్యం కూడా ఆ బదిలీ తాలూకు మర్యాదలో భాగమే.

మర్నాడు ఆమె శీనమ్మ ఇంటికి వెళ్ళింది. నేను చెప్పలేదా అని శీనమ్మ దెప్పలేదు. చీర మార్చుకుని సంచీ తీసుకుని బయల్దేరింది.

నెల్లూరు డాక్టరమ్మ తీగలు విప్పి, మళ్ళీ ఎక్స్‌రే తీయించింది. కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి దీపానికి ఎదురుగా చూపించింది. పాతదానిలో పళ్ళ వేళ్ళ చుట్టూ తెల్లగా కనిపించిన ఎముక, కొత్తదానిలో చాలామటుకు లేదు.

"ముందు వైపు మిగిలిన మూడు పళ్ళూ నిలవవు. తీసేయాలి," అంది.

సుధారాణి ఏడవలేదు. "ఆరోజే నాకు ఇంత వివరంగా ఎందుకు చెప్పలా మీరు?" అని అడిగింది. "ఈ బొమ్మ అప్పుడే చూపించి ఉంటే నేను పోయుండేదాన్ని కాదు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "చూపించి ఉండాల్సింది," అంది. "బయట జనం ఉన్నారని తొందరపడ్డాను. మీరు మళ్ళీ వస్తారనుకున్నాను."

ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో, ఆమె ఒక్కతైనా ఒప్పుకుందని ఊరట పడాలో సుధారాణికి తెలియలేదు.

ఊడినదాంతో కలిపి నాలుగు పళ్ళ స్థానంలో పెట్టుడు పళ్ళ ప్లేటు వచ్చింది. అవి తెల్లగా, వరసగా, పెదవుల వెనక బుద్ధిగా ఉన్నాయి. అసలు సంగతి తెలియనివాళ్ళు చూసి మురిసిపోయారు. "ఎంత అందంగా కుదిరినాయే!" అని పొగిడారు. సురేంద్రబాబు కూడా ఒకసారి, "ఎట్టయితేనేం, ఇప్పుడు బాగుండాయి గదా," అన్నాడు. ఆరోజు నుంచి ఆమె అతనికి అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోయేది, పక్కన కూర్చోవడం మానేసింది. పాటలో పై స్థాయి ఎత్తుకుంటే ప్లేటు జారి మాట ఈలలాగా వచ్చేది. అందుకని చర్చిలో పాట ఎత్తడం వేరే అమ్మాయికి అప్పజెప్పి వెనక వరసలో కూర్చుంది. జరిగింది చర్చి సంఘ పెద్దలకు చెప్పుకుంటే, అతన్ని క్షమించమ్మా అన్నారు. సాయంత్రాలు సురేంద్రబాబు బస్సు వచ్చేదాకా ఎప్పటిలాగే ప్రసాద్ ఆసుపత్రిలో కూర్చుంటున్నాడని ఆమెకు తెలుసు.

మరుసటి ఏడాది అంగన్‌వాడీలో పనిచేసే పెంచలమ్మ ఆమె ఇంటికి వచ్చింది. పెళ్ళైన మనిషే, పాతికేళ్ళుంటాయి. పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"మీ పళ్ళు ప్రసాద్ డాక్టరే చేసినాడంట గదా టీచరమ్మా. ఆయనే చెప్పినాడు, పోయి చూసుకోమని. నేను గూడా వేయించుకుందామని."

సుధారాణి లేచి తలుపు దగ్గరగా వేసింది. నోట్లో వేలు పెట్టి ప్లేటు తీసి అరచేతిలో పెట్టుకుని, బోసిపోయిన చిగురు చూపించింది. పెంచలమ్మ వెనక్కి జరిగింది. జరిగిందంతా సుధారాణి మొదటి నుంచి చెప్పింది. నెల్లూరు ఆసుపత్రికి దారి చెప్పింది. తోడు వస్తానంది. అడగాల్సిన ప్రశ్నలు చెప్పింది. ఎక్స్‌రే తీయకుండా నోట్లో చెయ్యి పెట్టనివ్వొద్దంది. పెంచలమ్మ అన్నిటికీ తలూపింది.

కొన్నాళ్ళకు ఆత్మకూరు సంతవీధిలో సుధారాణికి ఆమె కనిపించింది. పలకరించబోతే పెంచలమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి తీగ మెరిసింది.

"నెల్లూరు పోయినావా?"

"లేదు టీచరమ్మా. అంత దూరం ఎవరు తీసకపోతారు? మా బావ మాట్లాడినాడు ప్రసాద్ సారుతో." నేలకేసి చూస్తూ, "మీకు ముందు నుంచే జబ్బుండిందంట గదా," అని, జనంలో కలిసి అవతలి పక్కకు వెళ్ళిపోయింది.

సుధారాణి చేతిలో కూరగాయల సంచీతో అక్కడే నిలబడింది. ఉన్నట్టుండి గొంతెత్తి, "పెంచలమ్మా! చీము కనపడితే ఒక్కరోజు గూడా ఆగొద్దు! విప్పించేసెయ్!" అని అరిచింది. ప్లేటు జారి ఆఖరి మాట ఈలలాగా వచ్చింది. అంగళ్ళ ముందున్నవాళ్ళు తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. పెంచలమ్మ మాత్రం తిరిగి చూడలేదు.