రైళ్లు స్నానం చేసే చోటు

2022 వేసవి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి పర్యాటక సమాచార కౌంటర్‌లో నాకది పదకొండో ఏడు. హుస్సేన్ సాగర్‌లో అలలు ఎన్ని గంటలకు మొదలవుతాయని అడిగినవాళ్లను చూశాను. చార్మినార్‌లో ఒక్కో మినారుకు ఒక్కో టికెట్టా అని అడిగిన కుటుంబానికీ జవాబు చెప్పాను.

ఒకరోజు ఉదయం అరవై అయిదు దాటిన ఒకాయన వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ రైళ్లు స్నానం చేసే చోటు ఎక్కడండీ?"

పక్క సీట్లోని మహేశ్ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. నేనూ పెదవి కొరుక్కున్నాను. ఆయన అది గమనించి, వెళ్లిపోవడానికి సంచీ భుజాన వేసుకున్నాడు.

నాకు సిగ్గేసింది. "ఆగండి సార్. మీరెప్పుడు చూసిన్రు దాన్ని?" అన్నాను.

ఆయన పేరు సూర్యనారాయణ, ఊరు రాజమండ్రి. తనకు ఆరేళ్లప్పుడు వాళ్ల నాన్నకు ఇక్కడ ఉద్యోగం. అమ్మ నెలల తరబడి ఆస్పత్రిలో ఉంటే, పక్కింటి టైలర్ కూతురు రజియా ఈయనకు అన్నం పెట్టి, బడికి తీసుకెళ్లి సాకిందట. ఆమె భుజాల మీద కూర్చుని గోడ అవతల రైళ్లు స్నానం చేయడం చూసేవాడు. వీధి పేరు గుర్తులేదు. వచ్చే వారం తనకు గుండె ఆపరేషన్. ఈలోగా ఆమెను చూడాలి. సాయంత్రం నాలుగింటికి తిరుగు బండి. పొద్దుటి నుంచి ఎవరినడిగినా నవ్వారని చెప్పాడు.

నిజానికి రైళ్లు స్నానం చేస్తాయి. ప్రయాణం ముగిశాక ఖాళీ బోగీలను పైపులతో కడిగే పట్టాలను వాషింగ్ లైన్ అంటారు. మా మామ ఆ పట్టాల పక్కనే మెట్టుగూడలో ఉంటాడు, ఆ పని చేసే రిటైరయ్యాడు. వెంటనే ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"టైలర్ బిడ్డ రజియానా? గామె మా వెనక గల్లీలనే ఉంటది. జెర ఆగు, పోయి అడిగొస్త," అన్నాడు మామ.

ఇరవై నిమిషాలకు మామ ఫోన్ వచ్చింది. ఆయన్ని సాకింది ఆమేనట. కౌంటర్ తను చూసుకుంటానని మహేశే అన్నాడు. నేను సూర్యనారాయణ గారిని ఆటో ఎక్కించుకుని బయల్దేరాను.

గల్లీలో అందరూ ఆపా, అంటే అక్క, అని పిలిచే రజియాకు డెబ్బై అయిదు దాటాయి. తలుపు పట్టుకుని ఆయన్ని చాలాసేపు చూసింది.

"సూరీ, పాల మీద మీగడ ఇప్పటికి సుత తీసి పారేస్తున్నవా?" అంది.

ఆయన పిల్లాడిలా ఏడ్చేశాడు. ఆపా కొంగుతో ఆయన మొహం తుడిచి, ముందు అన్నం తినమని లోపలికి లాక్కెళ్లింది. ఆయన్ని నాలుగింటి బండి నేనే ఎక్కించాను. ఆపరేషన్ బాగా జరిగిందని తర్వాత కౌంటర్‌కు ఆయన ఫోన్ చేస్తే, మహేశ్ లేచి నిలబడి హాలంతా వినపడేలా ఆ కబురు చెప్పాడు.

అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. అడిగేవాళ్లకు మన ఊరి పేర్లు తెలియవు, తమ కళ్లు చూసింది మాత్రమే తెలుసు. దాన్ని చిరునామాగా మార్చి ఇవ్వడానికే మనం ఇక్కడ కూర్చున్నాం.