గోడకిచ్చిన పాస్

మా డిగ్రీ కాలేజీకి గ్రౌండ్ లేదు. అమీర్‌పేటలో గ్రౌండెక్కడిది, నా మొహం! కింద చీరల షాపు, పైన సాఫ్ట్‌వేర్ కోచింగ్, నడుమ మేము. సాయంత్రం బళ్ళన్నీ వెళ్ళిపోయాక సెల్లార్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. బంతి మోకాలు దాటి లేవకూడదు. ట్యూబ్‌లైట్ పగిలితే వాచ్‌మన్ మా ఏడు తరాలనూ తిట్టేవాడు. నేను గోలీని, అంటే గోల్‌కీపర్‌ని.

ఆ యేడాది ఒక్క కంపెనీ కూడా మా కాలేజీ గడప తొక్కలేదు. అంతకుముందు ఉద్యోగాలొచ్చిన సీనియర్లు సైతం ఎప్పుడు చేరమంటారో తెలీక ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో పడుకుని ఫోన్లు చూసుకునేవాళ్ళు. మొదట్లో భయపడ్డాం. తర్వాత భయపడీ భయపడీ విసుగొచ్చింది. తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను, అంతే.

మా కెప్టెన్ ఒక్కడికే ఇంకా ఆశ ఉండేది. అతన్ని అన్న అనేవాళ్ళం. వాళ్ళ నాన్న పంజాగుట్టలో ఆటో నడిపేవాడు. యూనివర్సిటీ జట్టులోకి వెళితే స్పోర్ట్స్ కోటాలో సర్కారు కొలువు దొరుకుతుందని ఎవరో అన్న చెవిన వేశారు. ఇక అదే పట్టుకుని వేలాడాడు. "గీ ఒక్కటి కొడితే చాలు భాయ్, మా నాయినను ఆటో దిగమంట," అనేవాడు. మాది కోస్తా యాస కాబట్టి నన్ను మాత్రం "ఏంటండీ గోలీ గారూ" అని ఏడిపించేవాడు.

సీజన్‌లో ఆడినవన్నీ ఓడిపోయాం. ఆఖరి మ్యాచ్‌కి యూనివర్సిటీ కోచ్ ఆటగాళ్ళను ఎంచుకోవడానికి వచ్చి గట్టుమీద కూర్చున్నాడు.

సెల్లార్‌లో ఎదుటివాణ్ణి దాటడానికి మాకో పద్ధతి ఉండేది. బంతిని వాలుగా పక్కగోడకు కొట్టి, వాడి చుట్టూ తిరిగి ఉరికితే, అది గోడకు తగిలి మళ్ళీ మన కాలి దగ్గరికే వచ్చేది. గ్రౌండ్‌లో గోడ ఉండదని మాకు తెలీదా? తెలుసు. కాళ్ళకే తెలీదు.

అన్న ఇద్దర్ని దాటి అంచుదాకా వచ్చాడు. ఇంకొకడు అడ్డం రాగానే బంతిని గీత వైపు కొట్టి, వాడి చుట్టూ తిరిగి పరుగు తీశాడు. బంతి ఎంచక్కా బయటికి పోయింది. అన్న కాలు చాపి దాని కోసం చూస్తున్నాడు. కాసేపాగి మళ్ళీ అదే చేశాడు. "ఎవనికిస్తున్నవ్ భాయ్, దయ్యానికా?" అని అవతలివాళ్ళు పడీపడీ నవ్వారు. కోచ్ కూడా నవ్వాడు. ఆ తర్వాత అన్న బంతి అడగడమే మానేశాడు.

ఇక బంతులన్నీ నా మీదికే. దగ్గర్నుంచి నేలబారుగా వచ్చేవి నాకు అలవాటే కదా. చాలా ఆపాను, కొన్ని పోయాయి. ఓడిపోయాం.

ఆట అయ్యాక కోచ్ నా భుజం తట్టాడు. "నిన్ను తీసుకుంటున్న తమ్మీ. మీ టీంల నువ్వొక్కనివే."

"నాకొద్దు సార్. అన్నకివ్వండి," అన్నాను. గొప్పకి కాదు. నిజంగానే నాకేమీ అనిపించలేదు.

"ఇదేమన్న బస్సుల సీటా, లేసి ఇచ్చేటందుకు?" అని ఆయన వెళ్ళిపోయాడు.

పక్కనే బూట్లు విప్పుకుంటున్న అన్న అంతా విన్నాడు. "మస్తు ఆడినవ్ రా," అన్నాడు. అంతలో అతని సంచిలో ఫోన్ మోగింది. వాళ్ళ నాన్న. అన్న దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. నాతోని గాదు."

"ఓడిపోయాం బాబాయ్," అన్నాను.

"ఓడితే ఓడిండ్రు తియ్యి బిడ్డా. మావోన్ని తీసుకున్నరా?"

"లేదు బాబాయ్."

"మరెవల్ని తీసుకున్నరు?"

అన్న నా వంక చూడలేదు.

"నన్ను," అన్నాను.

అవతల ఆటో ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది. ఆయన, "మంచిది బిడ్డా. మీ నాయినకు చెప్పు, సంతోషపడ్తడు," అని ఫోన్ పెట్టేశాడు.